లెక్కకు రాని తల్లులు

ఫిబ్రవరి నెల. తెల్లవారుజాము నాలుగు దాటింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి. పాతిక గుడిసెలున్న గుత్తికోయల గుంపులో ఒక తడిక గుమ్మం ముందు మీరు నిలబడి ఉన్నారు. కరెంటు లేదు. లోపల పొయ్యి వెలుగు, బయట ఆశా కార్యకర్త చేతిలో సెల్‌ఫోన్ వెలుగు, అంతే. లోపలి నుంచి మూలుగు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వినిపిస్తోంది. మీ పక్కన కూర్చున్న ముసలమ్మ ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య ఎడమెంతో వేళ్ళు మడిచి చూసుకుంటోంది.

నొప్పులు నిన్న పొద్దుగూకే వేళకే మొదలయ్యాయి. మరి రాత్రే ఎందుకు బయల్దేరలేదు? మీరు అడగకముందే ఆశా గొంతు తగ్గించి చెబుతుంది.

"చీకట్లో నలుగురు మగవాళ్ళు భుజాన కర్ర పెట్టుకుని అడవిలో నడుస్తుంటే, దూరం నుంచి చూసేవాడికి ఆ కర్ర ఏమనిపిస్తది? మీరే చెప్పండి."

మీరేమీ అనలేరు. గుంపులో మగవాళ్ళకు మాత్రం ఆ జవాబు బాగా తెలుసు. అందుకే డోలీ కట్టి సిద్ధంగా పెట్టి, వెలుతురు కోసం కూర్చున్నారు. కాన్పు వెలుతురు కోసం ఆగదు. ఆ సంగతీ వాళ్ళకు తెలుసు.

ఈ రోజంతా మీరు చూడబోయేది ఒక్క ఇంటి కథ కాదు. ఈ సరిహద్దు వెంబడి ఎన్నో గుంపుల్లో జరుగుతూ వస్తున్నవాటిని ఒక దారిలోకి, ఒక పగటిలోకి తెచ్చి చెబుతున్నది. అందుకే ఈ గుంపుకూ ఈ మనుషులకూ పేర్లు పెట్టలేదు. ఊళ్ళు, తేదీలు, తీర్పులు వచ్చినచోట మాత్రం అవి రికార్డుల్లో ఉన్నవే.

లోపలికి వంగి చూడండి. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇది మూడో కాన్పు. మొదటి బిడ్డ బతికింది, రెండో బిడ్డ పుట్టిన మూడో రోజు పోయింది. ఇప్పుడు దూలానికి వేలాడదీసిన తాడు రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆశా ఆమె కింది రెప్ప లాగి ఫోన్ వెలుగులో చూస్తుంది. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. అరచేతులూ అంతే. గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములుండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత. పోయిన నెల చర్లలో పరీక్ష చేసినప్పుడు ఈమెకు ఆరున్నర.

ఆరున్నరకు ఎలా పడిపోయింది? సగం జవాబు తిండిలో ఉంది. పొద్దున జావ, రాత్రి అన్నం, చింతపులుసు. మిగతా సగం జ్వరంలో ఉంది. వానాకాలమంతా ఈ అడవిలో ఫాల్సిపారం మలేరియా. కడుపుతో ఉన్న మనిషిని అది పట్టుకుంటే మాయలో చేరి దాక్కుంటుంది. తల్లి రక్తం తరిగిపోతుంది. బిడ్డకు అందాల్సింది అందదు. నెలలు నిండకముందే కాన్పవుతుంది, లేదా బిడ్డ బరువు తక్కువ పుడుతుంది, ఒక్కోసారి కడుపులోనే పోతుంది. దీనికి విరుగుడు పెద్ద వైద్యమేమీ కాదు. దోమతెర, రక్తపరీక్ష, సమయానికి మాత్రలు, ఐరన్ బిళ్ళలు. వాటిని మోసుకొచ్చే మనిషి ఇక్కడిదాకా రాగలగాలి, అంతే.

"ఎదురుకాల్పులు అయినయని వార్త వస్తే వారం పది రోజులు ఎవరూ లోపలికి రారు. నన్ను కూడా మా ఇంట్ల వద్దంటరు" అంటుంది ఆశా. రోడ్డు పక్క కోయగూడెం ఆమెది. కోయ మాట, తెలుగు మాట రెండూ వచ్చు. ఆ వారంలో టీకా తేదీ ఉంటే అది తప్పిపోతుంది. మలేరియా మొదలై ఉంటే ముదిరిపోతుంది. ఒక్క తూటా కూడా ఈ గుడిసె వైపు రాలేదు. అయినా ఆ కాల్పుల దెబ్బ ఈ పాలిపోయిన రెప్ప దాకా వచ్చింది.

ముసలమ్మ మీకు ఆకుదొన్నెలో వేడి జావ ఇస్తుంది. తాగండి. వెలుతురు రావడానికి ఇంకా గంట ఉంది. ఈ గంటలో ఆమె తన కథ చెబుతుంది. మీరు అడిగారని కాదు, కోడలి మూలుగు వింటూ ఊరికే కూర్చోలేక.

ఆమెది పామేడు అవతలి ఊరు. మాగాణి లేదు గానీ సొంత మెట్ట ఉండేది. ఇప్పచెట్లుండేవి, చింతచెట్లుండేవి, మందలో పశువులుండేవి. 2005 జూన్‌లో కుట్రు ప్రాంతంలో మొదలైన సల్వా జుడుం, నెలలు గడిచేకొద్దీ ఆమె ఊరి దాకా వచ్చింది. ప్రభుత్వ అండతో నడిచిన ఆ దండుకు ఒకటే సూత్రం. ఊరు ఖాళీచేసి రోడ్డు పక్క శిబిరానికి వస్తే మా మనిషివి, రాకపోతే నక్సలైటువి. అడవి వైపు నుంచి దానికి తగ్గ హెచ్చరిక. శిబిరానికి పోతే ద్రోహివి. "రెండు దిక్కులా ఒకటే అడిగిన్రు బిడ్డా, నువ్వెవరి మనిషివని. నేను నా పిల్లల మనిషినంటే ఎవరూ ఇనలే."

అప్పటి దంతెవాడ జిల్లాలో 644 ఊళ్ళు ఖాళీ అయినట్టు నమోదైంది. కొందరు శిబిరాలకు వెళ్ళారు. అక్కడా భద్రత దొరకలేదు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. మిగిలినవాళ్ళు అడవుల్లోకి, అటునుంచి గోదావరి వైపు నడిచారు. అలా తెలుగు నేలకు వచ్చినవాళ్ళు 50 వేల దాకా ఉంటారని అంచనా. అప్పటి ఖమ్మం జిల్లాలో చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, చింతూరు అడవుల్లో గుంపులు వెలిశాయి. ఆ తర్వాత ఆ జిల్లా రెండు రాష్ట్రాలకు, నాలుగైదు జిల్లాలకు చీలిపోయింది. గుంపులు మాత్రం అడవిలోనే ఉన్నాయి.

సల్వా జుడుంను రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తేల్చింది. తీర్పు చెప్పిన ఇద్దరిలో ఒకరు మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. కేసు వేసినవారిలో నందిని సుందర్, రామచంద్ర గుహలతో పాటు మన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ ఉన్నారు. తీర్పు గొప్పదే. ముసలమ్మ ఊరు మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

ఆ నడకలో ఆమె నిండు చూలాలు. మూడో రాత్రి వాగు ఒడ్డున ప్రసవించింది. దీపం పెట్టలేదు, వెలుగు కనబడితే ఎవరు వస్తారోనని. అరవలేదు, నోట్లో గుడ్డ కుక్కుకుంది. తోటి ఆడది వెదురు బద్దతో బొడ్డు కోసింది. తెల్లవారితే మళ్ళీ నడక. ఎనిమిదో రోజు బిడ్డ పాలు పట్టడం మానేసింది, దవడలు బిగుసుకున్నాయి, తొమ్మిదో రోజు పోయింది. ఆశా నెమ్మదిగా మీ చెవిలో చెబుతుంది. "ధనుర్వాతం. బొడ్డు కోసిన తీరుకు వచ్చింది." తల్లికి టీకా, శుభ్రమైన బ్లేడు ఉంటే రాని జబ్బది. ఆ బిడ్డ పుట్టినట్టు ఏ రిజిస్టర్లోనూ లేదు. పోయినట్టూ లేదు. జుడుం కాలంలో ఎంతమంది చనిపోయారని లెక్కలు తీసినవాళ్ళెవరూ ఆ వాగు ఒడ్డును లెక్కలోకి తీసుకోలేదు.

తూర్పు తెల్లబడింది. లేవండి.

రెండు గుంజల మధ్య పాత దుప్పటి, దాని మీద ఆమె. నలుగురు మగవాళ్ళు మోస్తారు, ఇద్దరు మార్పు కోసం వెంట వస్తారు. ముందు ఆశా, వెనక ముసలమ్మ, ఆ వెనక మీరు. రోడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు. మోదుగుచెట్లు అప్పుడే ఎర్రగా పూస్తున్నాయి. కాళ్ళ కింద ఎండుటాకుల చప్పుడు. నొప్పి వచ్చినప్పుడల్లా డోలీ ఆగుతుంది, దించుతారు, మళ్ళీ ఎత్తుతారు. ముందు నడిచేవాడు పదే పదే చుట్టూ చూస్తూ గట్టిగా మాట్లాడుతున్నాడు. ఎందుకంత గట్టిగా? మేం దాక్కుని పోవడం లేదు, మనుషులం వస్తున్నామని అడవికి వినిపించడానికి.

దగ్గరి దారి ఒకటుంది, గుట్ట మీదుగా. వాళ్ళు అటు తిరగరు. ఇక్కడికి ఎగువన వెంకటాపురం, వాజేడు వైపున్న కర్రెగుట్టల మీదికి ఎవరూ రావద్దని, మందుపాతరలు పెట్టామని 2025 ఏప్రిల్‌లో మావోయిస్టులు లేఖ విడుదల చేశారు. ఆ తర్వాత అదే గుట్టల్లో వేల మంది బలగాలతో రోజుల తరబడి గాలింపు జరిగింది. ఏ గుట్టలో ఏముందో ఇప్పుడెవరికి తెలుసు? అడవిలోకి ఎక్కువగా పోయేది ఆడవాళ్ళే. కట్టెలకు, ఇప్పపూలకు, తునికాకుకు, గడ్డలకు, నీళ్ళకు. మగవాళ్ళు అనుమానానికి భయపడి ఇంటి పట్టున ఉంటే ఆ పనులు మరింతగా వాళ్ళ మీదే పడతాయి. మందుపాతర కాలు చూస్తుంది గానీ అది ఎవరి కాలో చూడదు.

వాగు దగ్గరికి వచ్చాం. ఇసుకలో బూటు గుర్తులున్నాయి, తాజావి. మగవాళ్ళు డోలీ దించి చేతులు కనబడేలా నిలబడతారు. అవతలి గట్టు మీద పొదల్లోంచి ఫోర్స్ వాళ్ళు లేస్తారు. ఎక్కడినుంచి? ఎక్కడికి? ఈమె ఎవరు? కాగితాలేవి? ఆశా తన గుర్తింపు కార్డు చూపిస్తుంది. సంచిలో ఏముందని అడిగితే తీసి పరుస్తుంది. పాత చీరముక్కలు, బ్లేడు, సబ్బు, చర్ల ఆస్పత్రి చీటీ. ఒక కుర్ర కానిస్టేబులు డోలీలోకి తొంగిచూసి మొహం తిప్పుకుని, "పోనీయండి సార్" అంటాడు. తన సీసాలో నీళ్ళు ముసలమ్మ చెంబులో పోస్తాడు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. కానీ ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

ఇరవై నిమిషాలంటే ఏమిటో ఆశాకు తెలుసు. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలై ఆగకపోతే రెండు గంటల్లో తల్లి ప్రాణం పోవచ్చు. ఆరున్నర గ్రాముల రక్తమున్న మనిషికి ఆ రెండు గంటలు కూడా ఉండవు. అడవిలో ప్రతి తనిఖీ, ప్రతి చుట్టుదారి, ఆగిపోయిన ప్రతి రాత్రి ఆ రెండు గంటల్లోంచే తీసినవి.

ఇక్కడ రోడ్డు గురించి కూడా నిజం చెప్పుకోవాలి. రోడ్డు వేస్తే బలగాలొస్తాయని మావోయిస్టులు ఏళ్ళ తరబడి రోడ్లు తవ్వారు, కల్వర్టులు పేల్చారు. బలగాలు రాకుండా ఆగలేదు, అంబులెన్సు ఆగింది. ఇప్పుడు రోడ్లు పడుతున్నాయి, వాటి వెంట క్యాంపులూ పడుతున్నాయి. రోడ్డు పడ్డచోట కాన్పుకు వెళ్ళడం తేలికైంది. క్యాంపు పడ్డచోట ఒంటరిగా నీళ్ళకు, బహిర్భూమికి వెళ్ళడం కష్టమైంది. ఈ గుంపుల్లో మరుగుదొడ్లు లేవు. పొద్దుపొడవక ముందు, పొద్దుగూకాక, అదీ నలుగురు కలిసి. మిగతా పగలంతా ఉగ్గబట్టుకోవాలి. అందుకని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. మూత్రంలో మంట, నడుం నొప్పి, జ్వరం. నెలసరి గుడ్డలు ఎండలో ఆరేసే చోటు లేక గుడిసె చూరులోనే ఆరతాయి. ఇవేవీ యుద్ధగాయాలని ఎవరూ రాసుకోరు.

మిర్చి చేలు వచ్చాయి. గాలిలో ఘాటు. వరుసగా వంగి కాయ కోస్తున్న ఆడవాళ్ళు డోలీని చూసి నడుం ఎత్తారు. ఇద్దరు పరుగెత్తుకొచ్చి ఆమె నుదురు తుడిచారు. ఆమె కూడా తొమ్మిదో నెల వచ్చేదాకా ఈ చేలల్లోనే కోసింది. పట్టాలేని పోడు నేల మీద కుటుంబం బతకదు, కూలి కావాలి. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి సాగులో ఉన్నవాళ్ళకే హక్కు ఇస్తుంది. వీళ్ళలో చాలామంది ఊళ్ళు తగలబడింది ఆ తర్వాతే. పుట్టిన నేల మీద హక్కు అక్కడ వదిలేశారు, వచ్చిన నేల మీద హక్కు ఇక్కడ లేదు. చాలామందికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్టూ రాదు. అటవీశాఖ గుడిసెలు పీకేస్తే మళ్ళీ ఇంకో చోట. ఇల్లు కూలిన ప్రతిసారీ ఆడవాళ్ళ చేతిలోంచి పోయేవి టీకాల కార్డు, ఆస్పత్రి చీటీ, దోమతెర.

ఈ మిర్చి కోతలకు బీజాపూర్ జిల్లా నుంచి ఏటా ఆడపిల్లలు దిగుతారు. లాక్‌డౌన్ పడ్డాక, 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి ఇంటికి కాలినడకన బయల్దేరిన పన్నెండేళ్ళ పిల్ల, అడవి దారిలో మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకముందే చనిపోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. ఆమె వయసు పిల్లలు ఈ చేలల్లో ఇప్పటికీ కనిపిస్తారు, చూడండి, ఆ చివరి సాలులో ఒకరు.

రోడ్డు మీద అంబులెన్సు ఉంది. చర్లలో చూసి, ఇక్కడ కుదరదని భద్రాచలం పంపారు. దాదాపు 60 కిలోమీటర్లు, కుడిపక్క దూరంగా గోదావరి. వాహనంలో ఆమె చేయి పట్టుకునే పని మీకిచ్చారు. చేయి చల్లగా ఉంది.

భద్రాచలం ఏరియా ఆస్పత్రి ప్రసూతి వార్డు. ఇక్కడ తెలుగు, కోయ, హిందీ, ఒడియా అన్నీ వినిపిస్తాయి. మూడు రాష్ట్రాల అడవి ప్రజలకు పెద్ద దిక్కు ఈ ఆస్పత్రి. నర్సు ప్రశ్నలు అడుగుతూనే సెలైన్ పెడుతోంది. పేరు? వయసు? ఊరు? ఊరు దగ్గర ఆగింది. గుంపు పేరు చెబితే కంప్యూటర్లో లేదు. ఆధార్? "అటుసైడుదే ఉండేదమ్మా, అది కూడా గుడిసె పీకేసినప్పుడు పోయింది." వైద్యం ఆగలేదు. ఈ చేతులకు దండం పెట్టాలి. కానీ ప్రసవానికి వచ్చే ప్రభుత్వ సాయం, ఆ తర్వాత అంగన్‌వాడీ గుడ్లు, పాలు, బిడ్డ జనన ధ్రువపత్రం, అన్నీ ఆ ఖాళీ గడి దగ్గరే ఆగుతాయి.

రక్తం కావాలి. మోసుకొచ్చిన ఆరుగురిలో ఇద్దరి గ్రూపు కలిసింది. వాళ్ళలో ఒకరి ఒంట్లో రక్తమే తక్కువగా ఉంది. రెండోవాడు ఇచ్చాడు. ఇంకో సీసా బ్యాంకు నుంచి వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. కిలో తొమ్మిది వందల గ్రాములు. తల్లికి రక్తస్రావం మొదలైంది, మందుతో ఆగింది. ఇదే కాన్పు రాత్రి ఆ గుడిసెలో అయి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పలేదు. ముసలమ్మకు చెప్పనక్కర్లేదు కూడా.

సాయంత్రం వరండాలో మీరూ ఆశా టీ తాగుతూ కూర్చున్నారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది.

"కాన్పయితే ఊరంతా మోసుకొస్తది. ఇంకోటి జరిగితే ఎవరు మోసుకొస్తరు?"

ఇంకోటి అంటే ఏమిటో ఆమె వివరించలేదు. అవసరం లేదు. చర్లకు అవతల, బీజాపూర్ జిల్లా బాసగూడ ప్రాంతంలో, 2015 అక్టోబరులో గాలింపుకు వచ్చిన బలగాలు పెదగెల్లూరు, చినగెల్లూరు చుట్టుపక్కల ఊళ్ళలో తమపై లైంగిక దాడులకు పాల్పడ్డాయని ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. 2016 జనవరిలో మరో ఊరి నుంచి అవే ఫిర్యాదులు. జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారించి, 16 మంది మహిళలు రాష్ట్ర పోలీసు సిబ్బంది చేతిలో అత్యాచారానికి, లైంగిక, శారీరక దాడులకు గురైనట్టు ప్రాథమికంగా తేలిందని 2017 జనవరిలో ప్రకటించింది. 37 లక్షల రూపాయల మధ్యంతర సాయం ఎందుకు సిఫారసు చేయకూడదో చెప్పాలని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్ని అడిగింది.

మన వైపు చూసుకోండి. 2007 ఆగస్టు 20. విశాఖ మన్యంలో జి.మాడుగుల మండలం వాకపల్లి. గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ముందుకొచ్చి చెప్పారు. అక్షరం రానివాళ్ళు, అడవి దాటి రానివాళ్ళు, బస్సులెక్కి కోర్టులకు తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు నిష్పాక్షికంగా దర్యాప్తు చేయలేదని చెబుతూ, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. దాదాపు పదహారేళ్ళు. తీర్పు వచ్చేనాటికి ఆ 11 మందిలో ఇద్దరు లేరు. దర్యాప్తు సరిగా జరగనప్పుడు నిందితుడికీ నిజం తేలదు, ఫిర్యాదికీ తేలదు. అడవిలో మిగతా ఆడవాళ్ళకు మాత్రం ఒక పాఠం అందుతుంది, చెప్పి ప్రయోజనం లేదని.

ఆ పాఠం ఒంటిని ఎలా దెబ్బతీస్తుందో చూడండి. అత్యాచారం జరిగాక 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ సోకకుండా కాపాడుకోవచ్చు. గర్భం రాకుండా ఇచ్చే మాత్రకు గడువు అయిదు రోజులు. సాక్ష్యాలూ అంతే, స్నానంతో, రోజులతో చెరిగిపోతాయి. 2013లో వచ్చిన చట్ట సవరణ ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు ఆస్పత్రి అయినా బాధితురాలికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అది 397వ సెక్షన్‌గా ఉంది. చట్టం ఉంది. 72 గంటలున్నాయి. కానీ ఆస్పత్రికి వెళ్ళే దారిలో మళ్ళీ అదే యూనిఫాం ఎదురవుతుంటే, గుంపులో నలుగురికీ తెలిస్తే మొగుడు ఏమంటాడో, పెద్దలు ఏమంటారోనన్న భయం ఉంటే, ఆ ఆడది మూడు రోజులు కాదు, ముప్పై ఏళ్ళయినా నోరు విప్పదు. కడుపునొప్పి అని చెప్పుకుని మంచం పడుతుంది. నిద్ర పట్టదు, బూటు చప్పుడు వింటే ఒళ్ళు వణుకుతుంది. దానికి వైద్యం ఉందని కూడా ఆమెకు ఎవరూ చెప్పరు.

అవతలి తుపాకీ కింద కూడా ఆడవాళ్ళే మిగిలిపోయారు. ఇన్‌ఫార్మరని ముద్రవేసి మావోయిస్టులు చంపినవాళ్ళ భార్యలు ఈ గుంపుల్లో ఉన్నారు. భర్త పోయాక ఊరు వెలేస్తుందేమోనని పెద్దగా ఏడవను కూడా లేదు వాళ్ళు. అన్నిటికంటే ఘోరం, తప్పు చేయడానికి వయసే లేనివాళ్ళు పోవడం. 2024 జనవరి 1న బీజాపూర్ జిల్లా ముత్వెండిలో కాల్పుల మధ్య తల్లి ఒడిలో ఉన్న ఆరు నెలల పసిపాపకు తూటా తగిలి చనిపోయింది. ఆ తల్లి చేతికీ గాయమైంది. ఆ తూటా ఎవరిదని రెండు పక్షాలూ వాదించుకున్నాయి. ఆ తల్లికి అది ఎవరిదైతే ఏమిటి?

ఇప్పుడు యుద్ధం ముగుస్తోందంటున్నారు. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన నంబాల కేశవరావు అబూజ్‌మాడ్‌లో మరణించారు. వందల మంది లొంగిపోయారు. మావోయిజాన్ని తుదముట్టించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. ఎన్ని శవాలు దొరికాయి, ఎన్ని తుపాకులు పట్టుబడ్డాయి, ఎవరి తల మీద ఎంత రివార్డుంది, అన్నీ అంకెలతో సహా వస్తున్నాయి. వెదురు బద్దతో బొడ్డు కోసుకున్న తల్లి ఏ అంకెలో ఉంది? పొద్దు పొడిచేదాకా డోలీ ఎత్తలేక పోయిన ప్రాణాలు ఏ అంకెలో ఉన్నాయి? మూడు రోజుల గడువు దాటిపోయి నోరు మూసుకున్నవాళ్ళు ఎందులో ఉన్నారు? ఆడవాళ్ళ మరణాలను లెక్కపెట్టకుండా ముగించిన యుద్ధం చరిత్రకు ఒక పక్షపు లెక్క మాత్రమే ఇస్తుంది.

వార్డులోకి వచ్చి ఒకసారి తల్లీబిడ్డలను చూసి, ఇక్కడినుంచి మీరు మీ ఊరికి బయల్దేరతారు. బయల్దేరే ముందు ఈ కొన్ని పనులు ఎవరు చేయాలో అడగండి. సరిహద్దు మండలాల్లో ప్రతి గుంపులోనూ తల్లుల మరణాలను, పసిపిల్లల మరణాలను ఏ రాష్ట్రం వాళ్ళన్నది చూడకుండా నమోదు చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాలు, ఛత్తీస్‌గఢ్ ఒకే ఆరోగ్య రికార్డు నడపాలి. గర్భిణిని మోసుకొచ్చే డోలీని పగలైనా రాత్రైనా ఆపకూడదన్న నియమం లిఖితపూర్వకంగా ఉండాలి, అది ప్రతి క్యాంపులో అందరికీ తెలియాలి. నెలలు నిండేముందే తల్లులు వచ్చి ఉండే గదులు అడవికి దగ్గర్లో కావాలి, అక్కడ కోయ మాట వచ్చిన ఆడమనిషి ఉండాలి. కాగితం లేదని పోషకాహారం, జనన ధ్రువపత్రం ఆపకూడదు. గుంపు కూల్చే ముందు అందులో గర్భిణులు, బాలింతలు ఎంతమందో చూడాలి. లైంగిక దాడి ఫిర్యాదును అదే ప్రాంతంలో గాలింపుకు దిగిన విభాగం కాక వేరే వాళ్ళు దర్యాప్తు చేయాలి. ఆస్పత్రిలో మహిళా డాక్టరు, 72 గంటల మందు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

వీటిలో ఒక్కటీ అసాధ్యం కాదు. ఆయుధాలకు, హెలికాప్టర్లకు, డ్రోన్లకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇవి చాలా చిన్నవి. తుపాకులు దించినంత మాత్రాన ఈ అడవిలో ఆడవాళ్ళకు యుద్ధం ముగిసినట్టు కాదు. కాన్పుకు వెళ్ళే దారీ, ఫిర్యాదుకు వెళ్ళే దారీ అర్ధరాత్రి కూడా భయం లేకుండా తెరిచి ఉన్న రోజే అది ముగుస్తుంది. ఆ రెండు దారులూ తెరవమని మీ ఎమ్మెల్యేను, మీ కలెక్టరును, మీరు చదివే పత్రికను అడగండి. ఒక్కసారి అడిగి ఊరుకోకండి.